కంతి మీద ఆకు కట్టే ముందు

తోలు కింద లేచిన కంతిని కరిగించే ఆకు లేదు. వేపాకు కరిగించదు, ఉమ్మెత్తాకు కరిగించదు, జిల్లేడు పాలు అసలే కరిగించవు. ముందే ఈ మాట తేల్చేసుకుంటే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఇంటివైద్యానికి ఇందులో చోటు లేదని నేను అనను. చాలా చోటుంది. వేడి కాపడం, శుభ్రంగా కడగడం, పొడి గుడ్డతో కప్పడం, గిల్లకుండా ఓపిక పట్టడం. ఈ నాలుగూ సరిగ్గా చేస్తే వాచి సలుపుతున్న కంతి చాలాసార్లు ఇంట్లోనే నెమ్మదిస్తుంది. కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జరుగుతున్నది వేరు. కాపడానికి పావుగంట దొరకదు, పసరుకు మాత్రం నెలలు గడిచిపోతాయి. "ఆకు కట్టు, గుంజుతది" అన్న ఒక్క మాట మీద మెడ బిళ్ళలు, షుగరు గడ్డలు, అసలు కంతులే కాని వాపులు అన్నీ ఒకే ఆకు కిందికి పోతున్నాయి. నా పేచీ ఆ మాటతోనే.

లోపల ఏముందో ముందు చూద్దాం. వీపు మీద, మెడ వెనక, చెవి వెనక, ముఖం మీద లేచే మామూలు కంతి ఒక చిన్న తిత్తి. వెంట్రుక కుదురు పైభాగం మూసుకుపోయినప్పుడో, దెబ్బ తగిలి పైతోలు కణాలు కిందికి చొచ్చుకుపోయినప్పుడో అవి లోపలే గుండ్రంగా గోడ కట్టుకుంటాయి. పైతోలు రోజూ పొట్టు రాల్చినట్టే ఈ గోడ కూడా రాలుస్తుంది. పైన రాలిన పొట్టు స్నానంలో కొట్టుకుపోతుంది. లోపల రాలింది ఎక్కడికీ పోలేక ఏళ్ల తరబడి పేరుకుని తెల్లటి, పసుప్పచ్చటి ముద్దవుతుంది. నొక్కితే గబ్బు వాసన కొడుతూ బయటికొచ్చేది అదే. చాలామంది దాన్ని కొవ్వు అనుకుంటారు. అది కెరటిన్. గోళ్లూ వెంట్రుకలూ దేనితో తయారవుతాయో, అదే. అందుకని నూనె మానేసినా, వంకాయ మానేసినా, "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు తాగినా దానికి ఏమీ కాదు. మునుగోడు, మర్రిగూడ వైపు ప్రతి గడ్డకూ ఫ్లోరైడ్ నీళ్లను తప్పుపట్టడం కూడా ఉంది. ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ కీళ్లనూ పట్టి పీడించే మాట అక్షరాలా నిజం, కానీ తోలు తిత్తిని అది పుట్టించదు.

తలమీద వచ్చేవి కొంచెం వేరు జాతి. గోడ మందంగా, గట్టిగా ఉంటుంది. ఒకటికి మించి వస్తాయి, తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకూ వస్తుంటాయి. వీటికి నొప్పి తక్కువ, ఇబ్బంది ఎక్కువ. తట్టలు మోసే కూలీలకు చుట్టబట్ట సరిగ్గా కంతి మీద ఒత్తితే అది పగిలి వాస్తుంది. చుట్టబట్టను ఒక వేలెడు పక్కకు జరిపి పెట్టుకోవడం కంటే దీనికి మంచి ఇంటి చిట్కా లేదు. యాదగిరిగుట్టలో గుండు కొట్టించుకునే ముందు క్షురకుడి చెయ్యి పట్టుకుని కంతి ఎక్కడుందో తడిమి చూపించాలి. జుట్టు కింద అది కనిపించదు, కత్తికి మాత్రం తగులుతుంది. కొత్త బ్లేడు వేయించడం ఎలాగూ తప్పనిసరి.

ఇప్పుడు అసలు వాదన. ఆకు పసరు కంతిని ఎందుకు కరిగించలేదు? మొదటిది, తోలు ఉన్నదే బయటివాటిని లోపలికి రానివ్వకుండా. పూసిన పసరులో చాలా భాగం పైపొర దగ్గరే ఆగిపోతుంది. కాస్తో కూస్తో దిగినా కింద పారే నెత్తురు దాన్ని పెయ్యంతా, అంటే ఒళ్లంతా, తీసుకుపోతుంది, తిత్తి దగ్గర కూర్చోనివ్వదు. రెండోది ఇంకా గట్టి కారణం. లోపలి ముద్ద కెరటిన్, పైతోలు పొర కూడా కెరటినే. లోపలి కెరటిన్‌ను కరిగించేంత బలం ఉన్న మందు ఏదైనా, దారిలో ముందు పైతోలును తినేయాలి. జిల్లేడు పాలు, సున్నం చేసేది సరిగ్గా అదే. తోలు కాలి, పుండు పడి, ఆ పుండులోంచి తిత్తి చిల్లుపడి ముద్ద బయటికొస్తుంది. చూసేవాళ్లు "మందు గుంజింది" అంటారు. అక్కడ జరిగింది తోలు కాలడం. మూడోది, ముద్దంతా ఖాళీ అయినా గోడ బతికే ఉంటుంది. వాగులో చెలిమెను ఎంత తోడినా ఊట ఉన్నంతకాలం మళ్లీ ఊరుతుంది కదా, గోడ మిగిలిన కంతి కూడా అంతే. నెలలకో ఏడాదికో అదే చోట మళ్లీ లేస్తుంది.

మరి "మా అత్తకు ఆకు కడితే పోయింది" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. వాళ్లు చూసింది నిజమే, లెక్క కట్టింది తప్పు. నొప్పి లేని కంతికి ఎవరూ ఆకు కట్టరు. అది ఎర్రగా వాచి, సలిపి, నిద్ర పట్టనివ్వని రోజున కడతారు. ఆ వాపు అప్పటికే శిఖరానికి చేరి ఉంటుంది. ఏమీ చేయకపోయినా రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు అదే పగిలో, అణిగో తగ్గుతుంది. ఆ మధ్యలో కట్టిన ఆకుకు పేరొస్తుంది. సెగ్గడ్డ అయితే ఒకటి రెండు వారాల్లో పండి పగిలి మానుతుంది. మణికట్టు మీద వచ్చే నీటితిత్తి దాదాపు సగం మందిలో దానంతట అదే మాయమవుతుంది. ఇన్ని రకాల గడ్డలు వాటికవే తగ్గేవి కాబట్టి ఏ ఆకు కట్టినా ఊరికి ఇద్దరు ముగ్గురు సాక్షులు దొరుకుతారు. ఆకు కట్టినా మళ్లీ లేచినవాళ్లు మాత్రం సాక్ష్యం చెప్పడానికి రారు, ఇంకో ఆకు వెతుక్కుంటారు.

అందుకే మందు కంటే ముందు వేలు పని చేయాలి. పగటి వెలుతురులో, చేతులు కడుక్కుని చూడండి. మామూలు కంతి తోలుకు అతుక్కుని ఉంటుంది, కింది కండరానికి కాదు. రెండు వేళ్లతో పక్కకు జరిపితే పైతోలుతో కలిసి జరుగుతుంది. నడిమధ్య ఒక నల్లటి చుక్క, సూదిమొనంత, చాలావాటికి ఉంటుంది. అది కనిపిస్తే సగం సంగతి తేలినట్టే. కొవ్వుగడ్డ అలా కాదు. మెత్తగా, చుక్క లేకుండా, అంచు నొక్కితే వేలి కింద నుంచి జారిపోతుంది, పైతోలు దాని మీద స్వేచ్ఛగా కదులుతుంది. అది వాచదు, పగలదు, ఏ పసరుకూ తగ్గదు. మణికట్టు మీదో పాదం మీదో కీలు పక్కన గట్టిగా ఉంటే చీకటి గదిలో టార్చి ఆనించి చూడండి. ఎర్రగా వెలిగితే లోపల ఉన్నది నీరులాంటి జిగురు. సెగ్గడ్డకు వెనకటి చరిత్ర ఉండదు, మూడు నాలుగు రోజుల్లో లేస్తుంది, ముట్టుకుంటే కాలుతుంది. కంతికి మాత్రం నెలల, ఏళ్ల చరిత్ర ఉంటుంది. "ఎప్పటి నుంచి ఉంది?" అన్న ప్రశ్న చాలాసార్లు మిగతా పరీక్షలన్నిటి కంటే ఎక్కువ చెబుతుంది.

ఏ కాపడమూ, ఏ పట్టూ వేయకుండా నేరుగా డాక్టరుకు చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి. మెడ పక్కన, చంకలో, గజ్జల్లో రెండు వారాలు దాటినా తగ్గని బిళ్ళ మొదటిది. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టడం మామూలే, పుండు మానగానే అది తగ్గుతుంది. తగ్గకపోతే, దానికి సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం తోడైతే టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షా మందులూ ఉచితం. మెడ బిళ్ళకు నెలల తరబడి పసరు కట్టడం వల్ల జరిగే నష్టం ఇంత వ్యాసం రాయడానికి నాకు పెద్ద కారణం. రొమ్ములో గడ్డ రెండోది. దాని గురించి చర్చే లేదు. ఐదు సెంటీమీటర్లు దాటినవి, అంటే సుమారు నిమ్మకాయను మించినవి, లోతుగా కండకు పట్టేసినట్టు కదలనివి, నెలల్లోనే గబగబా పెరిగేవి, పైన పుండు పడి నెత్తురు కారేవి మూడోది. దగ్గితే ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయే గజ్జల వాపు హెర్నియా కావచ్చు. దాని మీద వేడి పెట్టి నొక్కితే ప్రాణం మీదికి వస్తుంది. చిన్నపిల్లల్లో కనుబొమ చివర, ముక్కు మధ్యన, నడుము వెనక నడిగీత మీద పుట్టుకతో ఉన్న కంతిని ఇంట్లో ముట్టుకోనే కూడదు. కొన్ని లోపలి దాకా, ఎముక కింది దాకా పోయి ఉంటాయి.

ఇక కాపడం. ఇది తెలియనివాళ్లు లేరు, సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. కాపడం నొప్పి, వాపు ఉన్న కంతికే పనికొస్తుంది. నొప్పి లేని కంతిని ఎంత కాచినా సైజు తగ్గదు, ఊరికే రేగుతుంది. నీళ్లు మరిగించి, చల్లనీళ్లు కలిపి 40 నుంచి 45 డిగ్రీల మధ్యకు తేవాలి. కొలిచేది లేకపోతే మోచేతి లోపలి వైపు ముంచి చూడండి. వేడిగా ఉండాలి కానీ వెనక్కి తీసుకోవాలనిపించకూడదు. షుగరు వల్ల చేతులు కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లు తమ చేత్తో చూసుకోకూడదు. వాళ్లకు వేడి తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. ఇంట్లో ఇంకొకరు చూడాలి. ఉతికి ఎండబెట్టిన నూలుగుడ్డను నాలుగు మడతలు వేసి, ముంచి, పిండి, కంతి మీద ఊరికే ఆనించాలి, అదమకూడదు. తడిగుడ్డ రెండు మూడు నిమిషాల్లో చల్లారిపోతుంది. చాలామంది అదే గుడ్డను పావుగంట ఉంచి కాపడం పెట్టాం అనుకుంటారు. చల్లారగానే మళ్లీ ముంచాలి. అలా మొత్తం పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. మధ్యలో నీళ్లు చల్లారితే వేడినీళ్లు గిన్నెలోకి పోయాలి, కంతి మీదికి కాదు.

ఇసుక మూట, ఉప్పు మూట, వేడి ఇటుక వద్దు. పెనం మీద వేయించిన ఉప్పు ఎంత వేడెక్కిందో మూట కట్టాక చేతికి తెలియదు. 60 డిగ్రీల వేడి కొన్ని సెకన్లలోనే తోలును లోతుగా కాల్చేస్తుంది. అప్పటికే వాచి పలచబడిన తోలు ఇంకా తొందరగా కాలుతుంది.

తడి వేడికి నెత్తురు ప్రసారం పెరుగుతుంది, బిగుతు సడలి నొప్పి తగ్గుతుంది, లోపల చీము ఉంటే అది పైకి చేరి దానంతట అది దారి చేసుకుంటుంది. పగిలితే మంచిదే. అప్పుడు చేసే తప్పే పెద్దది. రెండు బొటనవేళ్లు పెట్టి పిండుతారు. పిండితే సగం పైకి వస్తుంది, సగం తిత్తి గోడను చీల్చుకుని కింది కండలోకి పోతుంది. కెరటిన్ గోడ దాటి బయటపడితే పెయ్యి దాన్ని బయటి వస్తువుగా చూసి దాడి చేస్తుంది. రాత్రికి రాత్రి కంతి రెండింతలవడానికి చాలాసార్లు క్రిముల కంటే ఇదే కారణం. కాబట్టి దానంతట కారింది కారనివ్వండి. మందుల దుకాణంలో దొరికే గాజుగుడ్డతో అద్ది తుడిచి, కొత్త గాజుగుడ్డ వేసి, రోజుకు రెండుసార్లు మార్చండి. తుడిచిన గుడ్డ ఇంకొకరి ఒంటికి తగలకూడదు, మరిగే నీళ్లలో ఉడికించాలి, లేదా కాల్చేయాలి.

ఇంటి పట్టు వేయాలనుకుంటే అవిసె గింజల పట్టు మేలు. రెండు టేబుల్ స్పూన్ల అవిసె పిండికి నాలుగైదు స్పూన్ల నీళ్లు పోసి సన్నమంట మీద రెండు మూడు నిమిషాలు కలియబెడితే జిగురు ముద్దవుతుంది. పలచని నూలుగుడ్డ మీద అర అంగుళం మందాన పరిచి, గుడ్డ మడిచి, మణికట్టు లోపలివైపు ఆనించి వేడి చూసుకుని, గుడ్డ మీదుగానే కంతి మీద పెట్టాలి. పదిహేను ఇరవై నిమిషాలు చాలు. అవిసె జిగురు నీటిని పట్టుకుని వేడిని మెల్లగా వదులుతుంది. తడిగుడ్డ కంటే దీనికున్న మేలు అదొక్కటే. బియ్యప్పిండితోనూ చేయొచ్చు కానీ అది తొందరగా చల్లారి గట్టిపడి తోలుకు అంటుకుంటుంది, పీకితే పైపొర లేస్తుంది. ఆముదపాకునో వావిలాకునో పెనం మీద వాడ్చి చుట్టినా తప్పేం లేదు, అక్కడ ఆకు చేసేది వేడిని ఆపడమే. రాత్రంతా కట్టి పడుకోవడం మాత్రం తప్పు. తోలు నాని తెల్లబడి చీకిపోతుంది, క్రిములకు అదే దారి. కంతి పగిలిన తరువాత ఏ పట్టూ వేయకూడదు, ఎంత మంచి ఆకైనా సరే.

వేపాకు నీళ్లతో కడగడం పనికొచ్చేదే. గుప్పెడు ఆకు లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, శుభ్రమైన గుడ్డతో వడకట్టి, అదే రోజు వాడేయాలి. మర్నాటికి ఉంచితే ఆ నీళ్లలోనే క్రిములు పెరుగుతాయి. ఇందులో ఎక్కువ ఫలితం మరిగిన నీళ్లదీ కడగడానిదీ. మామూలు సబ్బూ మంచినీళ్లూ కూడా దాదాపు అంతే పని చేస్తాయి. వేపనూనె పైకి రాస్తే పోయేదేం లేదు గానీ పిల్లలకు తాగించకూడదు. చిన్నపిల్లల్లో అది మెదడుకూ కాలేయానికీ విషమైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

పసుపు సంగతి చెబితే కోపాలొస్తాయి, అయినా చెప్పాలి. వంటింటి పసుపు శుభ్రం చేసిన మందు కాదు. అందులో మట్టి క్రిముల బీజాలుంటాయి, రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు కూడా బజారులో దొరుకుతుంది. పగలని కంతి మీద ఇంట్లో దంచుకున్న పసుపు పూస్తే పెద్ద హాని లేదు. కానీ పసుపు చేసే అసలు చెడు ఇంకోటి ఉంది. అది ఎరుపును కప్పేస్తుంది. వాచిన కంతి చుట్టూ ఎరుపు పాకుతోందా లేదా అన్నదే మనం గమనించాల్సిన మొట్టమొదటి సంగతి. పసుపు పూసిన తోలు మీద అది ఇంటివాళ్లకూ కనిపించదు, డాక్టరుకూ కనిపించదు. పసుపుకు బదులు ఒక బాల్‌పెన్ను తీసుకుని ఎరుపు అంచు వెంట గీత గీయండి. పక్కన టైము రాయండి. మర్నాటికి ఎరుపు గీత దాటితే, జ్వరం వస్తే, ఎర్రటి చార పైకి పాకితే ఇంటివైద్యం అక్కడితో ఆపి ఆసుపత్రికి పోవాలి. నల్లటి చామనఛాయ మీద ఎరుపు అంతగా కనిపించదు కాబట్టి వేలి వెనకవైపుతో తాకి వేడినీ, నొక్కి గట్టిదనాన్నీ చూసి అంచు గుర్తించాలి. కన్ను చుట్టూ, ముక్కుకూ పైపెదవికీ మధ్య వాచితే మర్నాటి దాకా కూడా ఆగవద్దు.

అసలే ముట్టకూడనివి ఇవి. జిల్లేడు పాలు మన చెలకల గట్ల మీద ఎటు చూసినా దొరుకుతాయి కాబట్టి ప్రమాదం కూడా చేతికందేంత దూరంలోనే ఉంది. ఆ పాలు తోలును కొరుకుతాయి. కనురెప్ప మీది కంతికో, ముఖం మీది పులిపిరికో పూసేటప్పుడు కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర వాచి చూపు మసకబారుతుంది. మోసం ఎక్కడంటే, మొదట పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. అందుకే తేలిగ్గా తీసుకుంటారు. పడితే వెంటనే శుభ్రమైన ధారతో పదిహేను ఇరవై నిమిషాలు కడిగి అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. బట్టల మీద చెరగని గుర్తులు వేయడానికి వాడే నల్లజీడి రసం బొబ్బలు లేపుతుంది, కొందరికి పూసిన చోటే కాక పెయ్యంతా దద్దుర్లు లేస్తాయి. చిత్రమూలం వేరు కూడా అంతే. సున్నం, సబ్బు కలిపి పెట్టడం మన దగ్గర పులిపిర్లకు పాత అలవాటు, ఇప్పుడు కంతులకూ పాకింది. తడిసున్నం గాఢమైన క్షారం. ఆమ్లం కంటే లోతుగా కాలుస్తుంది, ఎందుకంటే కాలుస్తూనే కిందికి దిగుతుంది. పచ్చి ఎల్లిగడ్డ నూరి కట్టి గంటలు ఉంచితే బొబ్బలు ఖాయం. మైలతుత్తం, బీడీ బూడిద, కిరసనాయిలు, పేడ: వీటి గురించి వేరే వాదన అక్కర్లేదు. పగిలిన కంతి మీద పేడ పెట్టడమంటే ధనుర్వాతం బీజాలను చేత్తో నాటడం. ఫోన్లలో తిరిగే కొత్త చిట్కాలదీ ఇదే దారి. ఆపిల్ సైడర్ వెనిగర్ నీళ్లు కలపకుండా దూది ముంచి కడితే ఆమ్లం కాలుస్తుంది. టీ ట్రీ నూనె మొటిమలకు కొంత పనిచేస్తుంది, తిత్తి దాకా పోదు.

కాల్చిన సూదితో పొడవడం వేరే చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా చేస్తారు. సూది మొన శుభ్రమైనా తోలు శుభ్రం కాదు. సూది చేసేది చిన్న రంధ్రం, అందులోంచి కెరటిన్ ముద్ద రాదు. రాకపోతే పిండుతారు. ఆ తరువాత జరిగేది పైన చెప్పిందే.

నల్లమలలో, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు మూలికల ఎరుక ఇంకా బతికి ఉంది. ఆ ఎరుక మీద నాకు గౌరవం ఉంది కాబట్టే, ప్రతి వేరుకూ "కంతి కరుగుతుంది" అని తగిలించి జాతరల్లో అమ్మడం చూస్తే బాధ. ఆయుర్వేద శాస్త్రం కూడా అలా చెప్పలేదు. సుశ్రుత సంహిత గ్రంథులకు, అంటే ఇలాంటి గడ్డలకు, లేపనాలూ కాపడాలూ చెప్పి, వాటికి లొంగనిదాన్ని శస్త్రంతో తీసేయమంటుంది. అర్బుదంలో, అంటే పెద్ద కణితిలో, కాస్త మిగిల్చినా మళ్లీ పెరుగుతుందని హెచ్చరిస్తుంది. వాపును పచ్చిది, పండుతున్నది, పండినది అని విడదీసి, పచ్చిదాన్ని కోసేవాడినీ పండినదాన్ని వదిలేసేవాడినీ ఒకే గాటన కట్టి తప్పుపడుతుంది. ఆయుర్వేదం పేరు చెప్పి కత్తి అక్కర్లేదనేవాళ్లు ఆ మాట చదవాలి. గ్రంథులకు తరచూ ఇచ్చే కాంచనార గుగ్గులు మాత్రలు కూడా దుకాణంలో అడిగి కొనుక్కునేవి కావు. గుగ్గులుకు థైరాయిడ్ మీద పని ఉంది, కొన్ని బీపీ మందుల బలాన్ని తగ్గిస్తుంది, గర్భిణులు వాడకూడదు. పేరూ ఊరూ లేని భస్మం పొట్లాలు అసలే వద్దు, వాటిలో సీసం, పాదరసం ఉండొచ్చు.

మాటిమాటికి సెగ్గడ్డలు లేస్తున్నా, ఒక కంతి మానకుండా చీము పడుతూ ఉన్నా ముందు చేయించాల్సింది షుగరు పరీక్ష. పరగడుపున 126, ఎప్పుడు చూసినా 200 దాటితే షుగరు ఉన్నట్టే లెక్క, ఇంకోసారి చూసి ఖాయం చేస్తారు. షుగరు ఉన్నవాళ్లకు మెడ వెనక, వీపు మీద నాలుగైదు నోళ్లతో లేచే రాచపుండుకు (ఇక్కడ క్యాన్సర్ కాదు, కార్బంకుల్ అనే చీముగడ్డ) ఇంటివైద్యం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకుని ఆపేయడం అన్నిటికంటే చెడ్డ మధ్యేమార్గం. చీము గూడు కట్టాక మందు లోపలికి సరిగ్గా చేరదు, దాన్ని కోసి తీయాల్సిందే. చీము లేని వాపుకు చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. ఆ తేడా చెప్పగలిగినవాళ్ల దగ్గరికి పోవడం ముఖ్యం.

ఆపరేషన్ అనగానే హైదరాబాద్ గుర్తొస్తుంది. ఆ రోజులు పోయాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల్లో సర్జరీ ఓపీకి పోయి చూపిస్తే చాలు. కంతి తీయడం చిన్న పని. చుట్టూ లిగ్నోకెయిన్ సూదితో మొద్దుబారుస్తారు. ఆ సూది మంటే అసలు నొప్పి. నల్లచుక్కతో సహా తోలును పడవ ఆకారంలో కోసి, తిత్తిని చిట్లకుండా గోడతో పాటు బయటికి తీస్తారు. అరగంట చాలు, అదే రోజు ఇంటికి రావొచ్చు. మామూలుగా ఉన్న కంతిని తీయడం తేలిక, వాచిన కంతిని తీయడం కష్టం. వాపులో గోడ పెళుసై ముక్కలవుతుంది, ముక్క మిగిలితే మళ్లీ వస్తుంది. అందుకే వాచినప్పుడు పోతే చీము మాత్రం తీసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి రమ్మంటారు. "డాక్టర్ తిప్పుతున్నడు" అని ఆ రెండోసారి పోనివాళ్లే ఎక్కువ, వాళ్లకే కంతి తిరిగి లేస్తుంది. ఆరు వారాలు గడిచాక నొప్పి లేకపోయినా, పోయిందనిపించినా, పోవాలి. నొప్పి లేని, పెరగని, అడ్డు లేని చిన్న కంతిని మాత్రం అలాగే వదిలేయొచ్చు. అది క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. తీసిన ముక్క మామూలుగా కనిపించకపోతే పరీక్షకు పంపుతారు. పంపారో లేదో అడగండి, ఆ రిపోర్టు వచ్చేదాకా చీటీ దాచండి.

ఇంటికొచ్చాక మొదటి 24 గంటలు కట్టు తడవకూడదు. కుట్లు ముఖం మీద ఐదు నుంచి ఏడు రోజులకు, తల మీద ఏడు నుంచి పదికి, వీపు మీద పది నుంచి పద్నాలుగుకు తీస్తారు. వీపు మీద కుట్లున్నవాళ్లు అవి తీసేదాకా వడ్ల బస్తా ఎత్తకూడదు, ఎత్తితే కుట్టు తెగొచ్చు. డాక్టరు రాసిన మందు తప్ప కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె, ఏ ఆకు పసరూ పెట్టవద్దు. మూడో రోజు తరువాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగితే, కుట్ల మధ్య నుంచి చీము కనిపిస్తే, కుట్లు తీసే తేదీ దాకా ఆగకుండా అదే ఓపీకి పోండి.